ఎక్సెల్ షీట్‌తో తెగని పంచాయితీ: మధ్యవర్తిత్వం కథ

ఈ ఎపిసోడ్‌ని కూడా ఎప్పటిలాగే తిరుమలగిరిలోని మా ఇంటి పైగదిలోంచే రికార్డ్ చేస్తున్నా. మధ్యలో మెయిన్ రోడ్డు మీది లారీ హారన్ వినిపిస్తే కొంచెం అడ్జస్ట్ అయిపోండి. ఇవాళ్టి టాపిక్‌కీ ఈ ఇంటికీ సంబంధం ఉంది. ఎందుకంటే ఈ ఇంటి కోసమే మా నాన్నకీ, మా చిన్నాన్నకీ మధ్య తొమ్మిదేళ్ళు కోర్టు కేసు నడిచింది.

తాత కట్టిన ఇల్లు. కింద రెండు పోర్షన్లు, పైన ఒకటి. తాత పోయాక పంపకం దగ్గర మాట పెరిగింది, దావా పడింది. ఆ తొమ్మిదేళ్ళూ ఇద్దరూ ఒకే వీధిలో తిరుగుతూ, ఒకే కిరాణా కొట్టులో సామాన్లు తెచ్చుకుంటూ, ఎదురుపడితే ఫోన్ చూసుకుంటూ పక్కకి వెళ్ళిపోయేవాళ్ళు.

అప్పుడు నేను కొత్తగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నా. ఇదేముంది, లెక్కే కదా అనుకున్నా. రెండు రాత్రులు కూర్చుని ఒక ఎక్సెల్ షీట్ చేశా. గజం రేటు, అద్దెలు, రిపేర్ ఖర్చులు, నాలుగు ఆప్షన్లు, అన్నిట్లోనూ రూపాయి తేడా లేకుండా చెరి సగం. నాన్నకి చూపిస్తే ఒకటే మాట అన్నాడు: "ఇది వాడు చెప్తే చేసినవా?" చిన్నాన్నకి వాట్సాప్ చేస్తే ఆయన: "మీ నాయన పంపిండా?" షీట్ ఒక్కటే. ఇద్దరికీ అది ఎదుటివాడి ఎత్తులాగే కనిపించింది. ఇది ఎందుకు జరిగిందో నాకు చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది. ఆ సంగతి చివర్లో చెప్తా. ముందు ఇంకో ఇద్దరు అన్నదమ్ముల కేసు చూద్దాం. ఆ కేసు ఢిల్లీ దాకా వెళ్ళింది.

2021 ఆగస్టు: రెండు రాష్ట్రాలు, ఒక ఆఫర్

2021 జులైలో కృష్ణా నీళ్ళ మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్ళింది. తెలంగాణ కరెంటు ఉత్పత్తి కోసం శ్రీశైలం నీళ్ళు వాడేస్తోందని, తమకి రావాల్సిన తాగునీరు, సాగునీరు పోతోందని కంప్లైంట్. కేసు ఎవరి ముందుకి వచ్చిందో తెలుసా? అప్పటి చీఫ్ జస్టిస్ ఎన్.వి. రమణ ముందుకి. ఆయన మన తెలుగువారే, కృష్ణా జిల్లాలో పుట్టారు.

ఆగస్టు 2న ఆయన ఏమన్నారంటే, తాను రెండు రాష్ట్రాలకీ చెందినవాడినని, దీన్ని న్యాయపరంగా విచారించడం తనకి ఇష్టం లేదని, కుదిరితే మధ్యవర్తిత్వంతో తేల్చుకోమని, దానికి సాయం చేస్తామని చెప్పారు. లాయర్లు తమ ప్రభుత్వాలతో మాట్లాడి రావాలని టైం ఇచ్చారు. రెండు రోజులు గడిచాయి. ఆగస్టు 4న ఆంధ్రప్రదేశ్ తరఫున సమాధానం వచ్చింది: మాకు కోర్టు తీర్పే కావాలి. చీఫ్ జస్టిస్ ఆ కేసుని వేరే బెంచ్‌కి పంపేశారు.

ఇక్కడ ఎవరిది తప్పు అని నేను అనట్లేదు. ఏపీ దగ్గర చట్టపరమైన వాదన ఉంది, తెలంగాణ దగ్గర కూడా ఉంది. నా ప్రశ్న వేరే. 1976లో బచావత్ ట్రిబ్యునల్ అవార్డు ఉమ్మడి రాష్ట్రానికి ఇచ్చింది 811 టీఎంసీలు. 2015లో రెండు రాష్ట్రాలూ కేంద్రం దగ్గర కూర్చుని 512, 299గా తాత్కాలికంగా పంచుకున్నాయి కూడా. అంటే మాట్లాడుకోవడం రాక కాదు. మరి నమ్మకమైన మనిషి, అదీ దేశంలోనే పెద్ద జడ్జి, కూర్చుని మాట్లాడుకోండి అంటే వద్దని ఎందుకు అంటారు?

ఒక కారణం అందరికీ కనిపించేదే. తీర్పు మనకి వ్యతిరేకంగా వస్తే "కోర్టు చెప్పింది, ఏం చేస్తాం" అనొచ్చు. అదే రాజీలో ఒక్క టీఎంసీ వదిలినా "నువ్వే వదిలేశావు" అంటారు. ఓటర్ల ముందు నిలబడాల్సిన ఏ ప్రభుత్వానికైనా ఈ భయం ఉంటుంది. ఇంట్లో బంధువుల ముందు నిలబడాల్సిన మా నాన్నకీ ఇదే భయం.

రాయబారాలు ఎందుకు ఫెయిల్ అయ్యాయి

ఆ విచారణకి రెండు వారాల ముందే, 2021 జులై 17న, భారత్-సింగపూర్ మీడియేషన్ సదస్సులో జస్టిస్ రమణే మహాభారతం గుర్తు చేశారు. కృష్ణుడు పాండవులకీ కౌరవులకీ మధ్య రాయబారం నడపడం మధ్యవర్తిత్వానికి పాత ఉదాహరణ అన్నారు. ఆ రాయబారం మనకి కొత్తేం కాదు. తిరుపతి వెంకట కవుల నాటకాల పుణ్యమా అని మన తాతలకి పద్యాలతో సహా నోటికి వచ్చు.

కానీ ఒక మధ్యవర్తి కళ్ళతో ఆ సీన్‌ని మళ్ళీ చూడండి. ఐదు ఊళ్ళు ఇస్తే చాలన్న ఆఫర్ ఎక్కడ పెట్టారు? నిండు సభలో. తండ్రి, తాత, గురువులు, తమ్ముళ్ళు, రాజులందరూ చూస్తుండగా. అక్కడ దుర్యోధనుడు సరే అంటే అందరి ముందూ తగ్గినట్టే. ఇక రాయబారి ఎవరు? రెండు వైపులా చుట్టమే, కానీ మనసు ఎటో అందరికీ తెలుసు. కృష్ణుడు కర్ణుణ్ణి పక్కకి తీసుకెళ్ళి ఒంటరిగా మాట్లాడాడు చూశారా, నేటి మధ్యవర్తులు చేసే పని సరిగ్గా అదే. కాకపోతే ఆ మాట సభ చెడిపోయిన తర్వాత జరిగింది.

మన పల్నాటి కథలో ఇంకా ఘోరం. 12వ శతాబ్దం, మాచర్ల, గురజాల దాయాదుల గొడవ. కోడిపందెంలో ఓడి వలస వెళ్ళినవాళ్ళు గడువు తీరాక తమ రాజ్యం తమకి ఇమ్మని అలరాజుని రాయబారిగా పంపారు. ఆయన నలగామరాజుకి స్వయానా అల్లుడు. అయినా తిరిగి రాలేదు, విషం పెట్టి చంపారని కథ చెప్తుంది. ఆ తర్వాత కారంపూడి యుద్ధం. మధ్యవర్తికి రక్షణ లేని చోట, మాట్లాడిన మాట బయటికి పోదన్న నమ్మకం లేని చోట, మధ్యవర్తిత్వం నడవదు. ఈ పాయింట్ గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తా.

పంచాయితీ: ఒకే మాటకి రెండు అర్థాలు

మా వైపు "ఏం పంచాయితీ అయింది?" అని అడిగితే ఏం గొడవ అయింది అని అర్థం. "పంచాయితీ పెట్టిన్రు" అంటే పెద్దమనుషులు కూర్చుని తీర్చారని. గొడవకీ, గొడవ తీర్చడానికీ ఒకే మాట. ఇది ఊరికే వచ్చింది కాదు. ఊరి పెద్దలు కొన్నిసార్లు తగువు తీర్చేవాళ్ళు, కొన్నిసార్లు కొత్తది పెట్టేవాళ్ళు. పిట్ట పోరు పిల్లి తీర్చినట్టు అనే సామెత ఊరికే పుట్టలేదు కదా.

ఇక్కడ మన ఏరియాకి ఒక లింకు ఉంది. 1798లో నిజాంకీ ఈస్టిండియా కంపెనీకీ ఒప్పందం జరిగింది, కంపెనీ సైన్యం ఇక్కడ దిగింది. ఆ దండు ఉన్న చోటికే 1806లో సికిందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరొచ్చింది. మా తిరుమలగిరి ఆ కంటోన్మెంట్‌లో భాగమే. ఈ సైన్యం ఖర్చు కోసం 1800లో నిజాం బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలని కంపెనీకి రాసిచ్చేశాడు. అవే దత్త మండలాలు. వాటికి కలెక్టర్‌గా వచ్చినవాడు థామస్ మన్రో. 1800 నుంచి 1807 దాకా గుర్రం మీద ఊరూరా తిరిగి మన రైతుల తగువులు దగ్గర నుంచి చూశాడు.

చూశాక ఆయనకి ఒకటి అర్థమైంది. కంపెనీ పెట్టిన జిల్లా కోర్టులు జనానికి దూరం, ఖర్చు, ఆలస్యం. 1814లో న్యాయ కమిషన్‌కి అధిపతిగా మళ్ళీ మద్రాసు వచ్చి, 1816లో కొత్త రెగ్యులేషన్లు తెప్పించాడు. ఊరిలోనే మునసబు చిన్న దావాలు వినాలి, రెండు పక్షాలూ ఒప్పుకుంటే ఊరి పంచాయతీ తీర్పు చెప్పాలి. పేపర్ మీద ఐడియా సూపర్. కానీ మన్రో ఆశించినట్టు జనం ఆ సర్కారీ పంచాయతీలకి ఎగబడలేదు. మునసబుల దగ్గరికి వెళ్ళారు, కోర్టులకి వెళ్ళారు, పంచాయతీ రెగ్యులేషన్ మాత్రం ఎక్కువగా కాగితం మీదే ఉండిపోయింది.

ఎందుకై ఉంటుంది? నాకు అనిపించేది చెప్తా. ఊళ్ళో పంచాయితీ బలం ఊరి మాట, పరువు, కట్టుబాటు. దానికి సర్కారు ముద్ర వేసినంత మాత్రాన కొత్త బలం రాదు. పైగా ఊళ్ళో పెద్దకులం వాడి మీద కంప్లైంట్ ఉన్న కౌలుదారుకి, పుట్టింటి వాటా అడిగే ఆడబిడ్డకి, అదే రచ్చబండ మీద న్యాయం దొరుకుతుందన్న నమ్మకం ఏముంటుంది? వాళ్ళకి ఊరి బయట ఉన్న కోర్టే ఆశ. పాత రోజులు బంగారం అని రీల్స్ పెట్టేవాళ్ళు ఈ మాట మర్చిపోతారు.

చట్టంలో ఒక బగ్

కట్ చేస్తే స్వతంత్ర భారతం. కోర్టుల్లో కేసులు పేరుకుపోయాయి. "ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడు" అని మనవాళ్ళు అనేది ఇందుకే. 1987లో లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం వచ్చింది, 1995 నవంబర్ 9న అమల్లోకి వచ్చింది. దాంతో లోక్ అదాలత్‌లకి చట్టబలం దొరికింది. అక్కడ రాజీ కుదిరితే ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది.

2002 జులై 1 నుంచి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో కొత్త సెక్షన్ 89 వచ్చింది. రాజీకి అవకాశం ఉందనిపిస్తే కోర్టే కేసుని మధ్యవర్తిత్వం లాంటి దారులకి పంపాలి అని. ఇక్కడ నాలాంటి కోడింగ్ వాళ్ళకి నచ్చే విషయం ఒకటుంది. ఆ సెక్షన్‌లో "మీడియేషన్" నిర్వచనం, "జ్యుడీషియల్ సెటిల్‌మెంట్" నిర్వచనం ఒకదాని చోట ఒకటి పడ్డాయి! డ్రాఫ్టింగ్‌లో తారుమారు. ఆ బగ్ అలాగే ప్రొడక్షన్‌లో ఎనిమిదేళ్ళు నడిచింది. 2010లో ఆఫ్కాన్స్ కేసులో జస్టిస్ ఆర్.వి. రవీంద్రన్ ఉన్న బెంచ్ దాన్ని పట్టుకుని, రెండు మాటల్నీ మార్చి చదువుకోవాలని చెప్పింది. ఏ కేసులు మధ్యవర్తిత్వానికి పంపొచ్చో, ఏవి పంపకూడదో కూడా లిస్ట్ ఇచ్చింది.

అదే జస్టిస్ రవీంద్రన్ తర్వాత మన హైదరాబాద్‌లో పెట్టిన ఇంటర్నేషనల్ ఆర్బిట్రేషన్ అండ్ మీడియేషన్ సెంటర్‌కి ట్రస్టీల్లో ఒకరయ్యారు. 2021 డిసెంబర్ 18న ఆ సెంటర్ ప్రారంభమైంది. దాని వెనక ఉన్నది ఎవరు? జస్టిస్ రమణే. ఆగస్టులో రెండు తెలుగు రాష్ట్రాలని కూర్చోబెట్టలేకపోయిన మనిషి, డిసెంబర్‌లో అందరూ కూర్చోవడానికి ఒక చోటు తెరిచారు. ఇక 2023 సెప్టెంబర్‌లో మీడియేషన్ చట్టమే వచ్చింది. మధ్యవర్తిత్వం 120 రోజుల్లో ముగియాలి, ఇద్దరూ ఒప్పుకుంటే ఇంకో 60 రోజులు. లోపల మాట్లాడింది రహస్యం.

ఒక పెళ్ళి, పద్నాలుగేళ్ళు

ఆలస్యం ఖరీదు ఎంతో చెప్పే కేసు మన దగ్గరే ఉంది. పేర్లు చెప్పను. 1999లో పెళ్ళి. కట్నం డబ్బు దగ్గర పెద్దవాళ్ళ మధ్య గొడవ మొదలైంది. ఆ జంట దాదాపు అప్పుడే విడిపోయింది. తర్వాత పోలీస్ కంప్లైంట్, క్రిమినల్ కేసు, విడాకుల కేసు. ఫ్యామిలీ కోర్టు విడాకులు ఇచ్చింది, హైకోర్టు కొట్టేసింది. 2013 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు విడాకులు ఇచ్చింది. పెళ్ళినాటి పట్టుచీర ఇంకా కొత్తగానే ఉండి ఉంటుంది, మనుషులకి మాత్రం పద్నాలుగేళ్ళు అయిపోయాయి.

ఆ తీర్పులోనే సుప్రీంకోర్టు కొన్ని ఆదేశాలిచ్చింది. భార్యాభర్తల గొడవ కోర్టు గుమ్మం ఎక్కగానే, ఇద్దరి సమ్మతితో మధ్యవర్తిత్వానికి పంపాలి. అసలు కేసు వేయకముందే మాట్లాడుకునేందుకు మీడియేషన్ సెంటర్లలో హెల్ప్ డెస్క్‌లు పెట్టాలి. గాయం పచ్చిగా ఉన్నప్పుడే మాట్లాడించాలని దాని సారాంశం. ఎందుకంటే ప్రతి కొత్త పిటిషన్‌లో కొత్త నింద ఉంటుంది. మొదటి గొడవ కట్నం మీద, పదో గొడవ తొమ్మిదో పిటిషన్‌లో రాసిన మాట మీద.

గదిలో ఏం జరుగుతుంది

ఇప్పుడు సైకాలజీ. 1979లో డేనియల్ కానమన్, ఏమస్ ట్వెర్‌స్కీ ఒక విషయం చూపించారు: వంద రూపాయలు వస్తే కలిగే సంతోషం కంటే వంద పోతే కలిగే బాధ మనిషికి ఎక్కువ. రాజీలో ఇద్దరూ ఎంతో కొంత వదలాలి. కాబట్టి ఇద్దరికీ తాము పొందేదాని కంటే వదిలేదే పెద్దగా కనిపిస్తుంది.

రెండోది ఇంకా ఇంట్రెస్టింగ్. 1980లలో స్టాన్‌ఫర్డ్‌లో లీ రాస్, ఆయన తోటివాళ్ళు అమెరికన్లకి ఒక అణ్వాయుధ తగ్గింపు ప్రతిపాదన చూపించారు. రీగన్‌ది అని చెప్తే ఎక్కువ మందికి నచ్చింది. అదే కాగితం గోర్బచేవ్‌ది అంటే ఆ మద్దతు బాగా పడిపోయింది. విషయం మారలేదు, పంపినవాడి పేరు మారింది. నా ఎక్సెల్ షీట్ గుర్తొచ్చిందా? నేను చేసిన తప్పు లెక్కలో లేదు. నేను ఒక పక్షం కొడుకుని.

అందుకే మంచి మధ్యవర్తి మొదటి రోజు పరిష్కారం చెప్పడు. ముందు వింటాడు. తర్వాత ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెడతాడు. అక్కడ చెప్పింది అనుమతి లేకుండా అవతలి గదికి తీసుకెళ్ళడు. సభలో తగ్గలేని మనిషి నాలుగు గోడల మధ్య తగ్గగలడు. అడిగే ప్రశ్న కూడా మారుతుంది. "నీకేం కావాలి" దగ్గర ఆగిపోకుండా "అది నీకెందుకు కావాలి" దాకా వెళ్తాడు.

మా ఇంటి సంగతి

మా కేసుని కోర్టు మధ్యవర్తిత్వానికి పంపింది. నాలుగు సిట్టింగులు. లోపలి మాటలు రహస్యం కాబట్టి, నాన్న, చిన్నాన్న ఇద్దరూ చెప్పొచ్చన్న వరకే చెప్తున్నా.

విడిగా కూర్చున్నప్పుడు చిన్నాన్నని ఆవిడ, అంటే మధ్యవర్తి, కింది పోర్షనే ఎందుకు కావాలని అడిగారట. చిన్నాన్న చాలాసేపు మాట్లాడలేదట. తర్వాత, "తాత ఆ రూంలనే పోయిండు మేడం. రెండేళ్ళు డయాలసిస్‌కి నేనే తిప్పిన. అన్న ఒక్కసారన్న ఎట్ల చేసినవ్‌రా అని అడగలే" అన్నాడట. నాన్న దగ్గర ఇంకో కథ. ఇంటర్‌తో చదువు ఆపేసి పనిలో చేరింది తమ్ముడి ఫీజు కోసం. ఆ మాట ముప్పై ఏళ్ళలో ఎవరూ ఎత్తలేదు. ఈ రెండింటిలో ఒక్కటి కూడా దావాలో లేదు, జవాబులో లేదు. కోర్టు అడిగింది గజాల గురించి. వీళ్ళిద్దరూ అడుగుతున్నది వేరే.

మూడో సిట్టింగ్‌లో ఇద్దరి అనుమతితో ఆ మాటలు ఎదురెదురుగా వచ్చాయి. నాలుగోదాంట్లో సంతకాలు. ఒప్పందం కోర్టుకి వెళ్ళి డిక్రీ అయింది. కింద ముందు పోర్షన్ చిన్నాన్నకి, పైభాగం మాకు, వెనక పోర్షన్ అద్దె చెరి సగం.

అది నా ఎక్సెల్ షీట్‌లో మూడో ఆప్షన్.

సినిమా క్లైమాక్స్ లాగా కౌగిలించుకోలేదు. ఇప్పటికీ పండక్కి ఓ అరగంట కూర్చుంటారు, క్రికెట్ మాట్లాడుకుంటారు, అంతే. కానీ పోయిన నెల నాన్నకి జ్వరమొస్తే హాస్పిటల్‌కి బండి మీద తీసుకెళ్ళింది చిన్నాన్నే. నేను ఆఫీస్ మీటింగ్‌లో ఉన్నా.

ఇక ఒక జాగ్రత్త. అన్నిటికీ ఇది మందు కాదు. ఇంట్లో కొడుతున్నవాడితో "సర్దుకుపో అమ్మా" అని చెప్పడం మధ్యవర్తిత్వం కాదు, బలవంతం. లోకల్ లీడర్ ఆఫీసులో జరిగే "సెటిల్‌మెంట్" కూడా ఇది కాదు. అక్కడ లేచి వెళ్ళిపోయే స్వేచ్ఛ మీకుండదు. మధ్యవర్తిత్వంలో ఏ నిమిషమైనా "నాకు ఒప్పుకోబుద్ధి కావట్లేదు" అని లేవొచ్చు, కోర్టు తలుపు మూసుకోదు. తేడా గుర్తుపట్టడానికి ఈ ఒక్క పరీక్ష చాలు.

ఉచిత న్యాయ సలహా కావాలంటే లీగల్ సర్వీసెస్ హెల్ప్‌లైన్ నంబర్ 15100. మహిళలకి, పిల్లలకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సాయం చట్టంలోనే ఉంది. మీ ఇంట్లో కూడా ఇలాంటి కేసు నడుస్తుంటే, షీట్ మాత్రం చేయకండి. ఈ వీడియో లింక్ కూడా రెండో పక్షానికి మీరు పంపొద్దు. ఎవరు పంపారో చూసి, ప్లే కూడా చేయరు. ఇద్దరికీ కావాల్సిన మనిషి ఎవరైనా ఉంటే, వాళ్ళతో పంపించండి.

కృష్ణా నీళ్ళ పంచాయితీ మాత్రం ఇంకా తెగలేదు. బచావత్ దగ్గర నుంచి బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ దాకా ఆ కథ మొత్తం ఇంకో ఎపిసోడ్‌లో చెప్పుకుందాం. అప్పటిదాకా ఉంటా మరి, జాగ్రత్త.